కన్ను కుట్టింది

కిందటి నెలలో మా మనవరాలు హైదరాబాదు నుంచి ఫోను చేసింది. మొహం కనబడే ఫోను.

"అమ్మమ్మా, నా ఫ్రెండు కాశ్మీరు వెళ్ళింది. మంచులో నిలబడి ఎన్ని ఫొటోలు పెట్టిందో! ఐ యామ్ సో జెలస్!" అంది.

ఆ చివరి మాట వినగానే, అంతవరకూ మొహం మీద పేపరు కప్పుకుని పడక్కుర్చీలో కునుకు తీస్తున్న మా వారు లేచి కూర్చున్నారు. కాలేజీలో ముప్పై ఏళ్ళపాటు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషి. రిటైరై ఇరవై ఏళ్ళు దాటింది. ఇంట్లో గ్యాసు అయిపోయిందని పక్కనే నిలబడి చెప్పినా వినబడదు గానీ, ఇంగ్లీషు మాట ఒకటి పక్కదారి పట్టిందంటే మాత్రం నిద్రలో కూడా వినబడుతుంది.

"జెలస్ కాదే పిచ్చిమొద్దూ, ఎన్వియస్!" అన్నారు.

"రెండూ ఒకటే కదా తాతయ్యా! అందరూ అలాగే అంటారు."

"అందరూ అంటారు. ఆ మాటకొస్తే నిఘంటువులే ఒప్పుకుంటున్నాయి. అయినా రెండూ ఒకటి కాదు. విను..."

మా మనవరాలు తెలివైంది. ఛార్జింగ్ అయిపోతోందని చెప్పి పెట్టేసింది. ఇక మిగిలినదాన్ని నేను. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన క్లాసులో ఎగ్గొట్టడానికి వీల్లేని విద్యార్థిని నేనొక్కదాన్నే.

ఆయన చెప్పిన పాఠం క్లుప్తంగా ఇదీ. జెలసీకి ముగ్గురు మనుషులు కావాలి. ఎన్వీకి ఇద్దరు చాలు. నాది అనుకున్న ప్రేమనో, నాది అనుకున్న చోటునో మూడో మనిషెవరో తన్నుకుపోతారేమోనన్న భయం జెలసీ. నాకు లేనిది ఎదుటివాళ్ళకి ఉందే అన్న బాధ ఎన్వీ. మొదటిది ఉన్నదానికి కాపలా. రెండోది లేనిదాని కోసం ఏడుపు.

"మన పిల్లకి కాశ్మీరు లేదు, ఆ పిల్లకి ఉంది. కాబట్టి ఎన్వీ. అదే, ఆ ఫ్రెండు ఇంకో అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళి, మన పిల్లని పిలవకపోతే, అప్పుడు జెలసీ" అన్నారు.

"సరేలెండి, నాకు పొయ్యి మీద పప్పు ఉంది" అని లేచి వచ్చేశాను. పప్పు పొయ్యి మీదే ఉంది గానీ, ఆయన మాటలు మాత్రం నా మనసులో ఉడకడం మొదలుపెట్టాయి. ఎందుకో తరువాత చెబుతాను.

ముందు మన తెలుగు సంగతి చూద్దాం. మనకి ఈర్ష్య, అసూయ అని రెండు మాటలున్నాయి. ఉన్నాయన్న మాటే గానీ వాటిని విడివిడిగా బతకనిచ్చింది ఎప్పుడు? ఉప్పూకారాల్లాగా "ఈర్ష్యాసూయలు" అని ఒక్క మూటగా కట్టి విసిరేస్తాం. నిజానికి రెండూ వేరు. అమరకోశం రాసినాయన ఎప్పుడో తేల్చిపెట్టాడు. ఈర్ష్య అంటే ఓర్వలేకపోవడం. అసూయ అంటే ఎదుటివాళ్ళలో మంచి గుణం ఉన్నా అందులోనే ఒక దోషం వెతికి అంటగట్టడం. కాబట్టి ఈర్ష్య కడుపులో ఉండే జబ్బు. అసూయ నోట్లోంచి బయటపడే జబ్బు. అత్రి మహర్షి ఇల్లాలికి అనసూయ అని పేరు. అంటే అసూయ లేనిది అనే కదా! ఎదుటివారి గుణంలో దోషం వెతకని మనిషి ఒక్కతె ఉందంటే ఆవిణ్ణి పతివ్రతల్లో చేర్చి కథలు చెప్పుకున్నారు మన పెద్దలు. అలాంటి మనిషి ఎంత అరుదో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఈ లెక్కన మన ఈర్ష్యా, అసూయా రెండూ ఇంగ్లీషువాడి ఎన్వీ ఇంటి ఆడపడుచులే. మరి జెలసీకి మన దగ్గర మాట లేదా అంటే, లేకేం? "సవతి మచ్చరం" ఉంది. అచ్చంగా ముగ్గురు మనుషుల వ్యవహారం.

సత్యభామనే తీసుకోండి. నారదుడు ఒక్క పారిజాతం తెచ్చి శ్రీకృష్ణుడికిచ్చాడు. ఆయన పక్కనే ఉన్న రుక్మిణికిచ్చాడు. సత్యభామ అలిగి కోపగృహంలో పడుకుంది. కాళ్ళ మీద పడబోయిన మొగుణ్ణి తలమీద తన్నింది. నంది తిమ్మన దీన్ని కావ్యం చేస్తే శ్రీకృష్ణదేవరాయల కాలం నుంచి ఇప్పటిదాకా మనం ముచ్చటపడుతూనే ఉన్నాం. ఆవిడ బాధ పువ్వు కోసమా? కాదు. పువ్వే కావాలంటే ఇంకోటి తెప్పిస్తే సరిపోయేది. ఆ పువ్వు ఎవరి చేతికి వెళ్ళింది, తన చోటు ఏమైపోయింది అన్నది బాధ. మొగుడు స్వర్గం దాకా పోయి చెట్టుకి చెట్టే పెకలించి తెచ్చి పెరట్లో నాటేసరికి చల్లబడింది. చూశారా, జెలసీకి మందుంది. "నువ్వే నాకు ముఖ్యం" అని నమ్మకం కలిగించడమే ఆ మందు. తమ్ముడు పుట్టగానే ఉయ్యాల్లోని పసివాణ్ణి గిల్లే మూడేళ్ళ పిల్లకి కూడా అదే మందు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని రెండు ముద్దలు తినిపిస్తే ఆ గిల్లిన చేత్తోనే ఉయ్యాల ఊపుతుంది.

ఇప్పుడు గాంధారిని చూడండి. రెండేళ్ళ గర్భం మోస్తోంది. కుంతికి సూర్యుడిలాంటి కొడుకు పుట్టాడని కబురొచ్చింది. ఆ మాట విని తన కడుపు తనే బాదుకుంది. కుంతి ఆవిడ దగ్గర్నుంచి తీసుకున్నది ఏముంది? మొగుణ్ణి కాదు, బిడ్డను కాదు. ఎక్కడో అడవిలో కుంతి బిడ్డను కన్నది, అంతే. ఎవరూ ఏమీ దోచుకోకపోయినా తట్టుకోలేకపోవడం, అదీ ఎన్వీ. "కడుపుమంట" అన్న మాట మనవాళ్ళు ఊరికే పుట్టించలేదు కాబోలు! ఆ మంటకి ముందు కాలిపోయేది మన కడుపే.

అలాగని జెలసీ మంచిదీ, ఎన్వీ చెడ్డదీ అని కొట్టిపారేయడానికి లేదు. షేక్స్పియరు ఒథెల్లో ఒక చేతిరుమాలు ముక్క పట్టుకుని, కట్టుకున్న భార్యను ఊపిరాడకుండా చేసి చంపేశాడు. అది అచ్చమైన జెలసీయే. మన పేపర్లలో అలాంటి ఒథెల్లోలు ఇప్పటికీ కనబడుతూనే ఉన్నారు. కాపలాకి కూర్చున్నవాడు మితిమీరితే ఇంటికే నిప్పు పెడతాడు.

అయినా లోకంలో జెలసీకి ఉన్న మర్యాద ఎన్వీకి లేదు. బైబిలులో దేవుడు తనను గురించి తానే జెలస్ దేవుణ్ణని చెప్పుకున్నాడు. తెలుగు బైబిలులో ఆ చోట "రోషము" అన్న మాట వేశారు. ఎంత చక్కగా కుదిరిందో! తన భక్తులు పక్కచూపులు చూస్తే సహించనని దాని భావం. దేవుడే చెప్పుకోగా లేనిది మనకేం సిగ్గు? ఎన్వీని మాత్రం క్రైస్తవులు ఏడు మహాపాపాల్లో చేర్చారు. మనవాళ్ళూ తక్కువ తినలేదు. కామ క్రోధాల జాబితాలో ఆరో శత్రువుగా మాత్సర్యాన్ని కూర్చోబెట్టారు.

మా వారి దగ్గర నేర్చుకున్న ఇంకో ముచ్చట చెబుతాను. ఎన్వీ అన్నది లాటిన్ మాటలోంచి పుట్టిందిట. దాని మూలార్థం "చెడ్డచూపు చూడడం". అది విని "అయితే అది మన దిష్టే కదండీ!" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి "అంతే" అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో నాకు పడ్డ ఫుల్ మార్కులు అవే. మనం పిల్లలకి ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేస్తాం. బుగ్గన చుక్క పెడతాం. కడుతున్న ఇంటికి గుమ్మడికాయ కడతాం. ఎక్కడో రోములో మాట పుట్టించినవాళ్ళకీ, మా అమ్మమ్మకీ ఒకటే అనుమానం. అసూయ కంట్లోంచే మొదలవుతుందని.

ఇటలీలో డాంటే అనే మహాకవి పద్నాలుగో శతాబ్దం మొదట్లో పరలోక యాత్ర మీద పెద్ద కావ్యం రాశాడు. అందులో పాపాలు కడుక్కునే ఒక కొండ ఉంది. అసూయపరులు అక్కడ ముతక గుడ్డలు కప్పుకుని ఒకరినొకరు ఆనుకుని కూర్చుని ఉంటారు. వాళ్ళకి వేసిన శిక్ష ఏమిటనుకున్నారు? కనురెప్పలు ఇనుపతీగతో కుట్టేశారు. ఈ సంగతి విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మనం ఏమంటాం? "దానికి కన్ను కుట్టింది" అంటాం. మన కుట్టడం తేలు కుట్టినట్టు. ఆయన కుట్టడం సూదితో కుట్టినట్టు. ఎలా కుట్టినా కన్నే!

ఇంకొక్క విశేషం. ఈ కన్ను దూరానున్న వాళ్ళ మీద పడదు. రాజుగారి భార్య వజ్రాల వడ్డాణం పెట్టుకుంటే మనకేమీ కాదు. పక్కవాటాలో ఆవిడ ఒక వరస నల్లపూసలు మార్చి రెండు వరసలు చేయించుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టదు. అరిస్టాటిల్ రెండు వేల మూడువందల ఏళ్ళ క్రితమే ఇది గమనించి రాశాడు. మనతో సమానమైనవాళ్ళ మీదే, మన వయసు వాళ్ళ మీదే, మన వాళ్ళ మీదే ఈ బాధ పుడుతుందని. గ్రీకుల్లో ఇంకా పాత కవి ఒకాయన కుమ్మరికి కుమ్మరి మీదే కన్ను అన్నాడు. కాబట్టి అసూయకి అనువైన చోటు బజారు కాదు, మన వంటిల్లే.

ఇక్కడిదాకా వచ్చాక ఇక నా సంగతి చెప్పక తప్పదు.

నేను మా అత్తవారింట్లో పెద్ద కోడల్ని. కాకినాడలో ఉమ్మడి కాపురం. 1974లో మా మరిదికి పెళ్ళయి చిన్న తోడికోడలు కాపురానికొచ్చింది. విజయనగరం పిల్ల. సంగీతం నేర్చుకుంది. శుక్రవారం దేవుడి దగ్గర దీపం పెట్టి పాడితే పెరటిగోడ అవతల ఆడవాళ్ళు చేస్తున్న పని ఆపి నిలబడేవారు. మా మామగారు చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టేవారు. ఆయన పేపరు మడవడం అంటే మా ఇంట్లో పెద్ద బిరుదు కిందే లెక్క. నేను నాలుగేళ్ళపాటు ఆ ఇంట్లో వండీ వార్చీ పెట్టినా ఒక్కనాడు ఆ పేపరు మడత పడలేదు.

ఆ మరుసటి ఏడు శ్రావణ శుక్రవారం పేరంటం. ఇంటినిండా ముత్తైదువలు. మా అత్తగారు "చిన్నమ్మాయీ, ఒక పాట పాడవే" అన్నారు. పాడింది. ఎంత బాగా పాడిందంటే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేను వాయనాలిస్తూ, శనగలు దోసిట్లో పోస్తూ, పక్కావిడతో అన్నాను. అందరికీ వినబడేలాగే అన్నాను.

"గొంతు బాగానే ఉంటుందండీ. కానీ పైకి వెళ్ళేసరికి కాస్త కీచుమంటుంది, పాపం."

అంతే. ఇంకేమీ అనలేదు. తిట్టలేదు, కొట్టలేదు. నాకు సరిగమలు ఏడూ వరసగా చెప్పడం కూడా రాదు. అయినా అన్నాను. తను తలెత్తి ఒకసారి నా వంక చూసి తల దించుకుంది. పై శుక్రవారం "గొంతు బాగాలేదక్కయ్యా" అంది. ఆ పై శుక్రవారం పిల్లవాడు కడుపులో ఉన్నాడు, ఆయాసం అంది. తరువాత ఎవరూ అడగలేదు. 1979లో మా మరిదికి బదిలీ అయి వాళ్ళు విశాఖపట్నం వెళ్ళిపోయారు. ఆ మధ్య నాలుగేళ్ళూ మా ఇంట్లో పాట లేదు.

దీనికి నేను నా మనసుకి చెప్పుకున్న సమాధానం ఏమిటో తెలుసా? "కొత్త కోడలొస్తే పాత కోడలికి ఆమాత్రం ఉండదూ? అత్తగారి ప్రేమ అటు పోతుందేమోనని భయం. సహజమే." అంటే, మా వారి లెక్కలో జెలసీ. ఇన్నేళ్ళూ నన్ను నేను చిన్న సత్యభామనే అనుకుంటూ వచ్చాను. అందులో కాస్త అందం కూడా ఉంది మరి!

కానీ ఆ రోజు పప్పు కలియబెడుతూ ఆ లెక్క నామీదే వేసి చూసుకున్నాను. నాది అన్నది ఏమైనా పోయిందా? లేదు. ఆ పేరంటం నాటి పొద్దున్నే మా అత్తగారు బీరువా తాళాలు పిలిచి నా చేతికే ఇచ్చారు. "ఇల్లు నీదేనే" అన్నారు. సత్యభామకి పారిజాతం చెట్టు దొరికినట్టే కదా? జెలసీయే అయితే అక్కడితో చల్లారాలి. చల్లారలేదు. తాళాలు బొడ్డున దోపుకునే ఆ మాట అన్నాను.

ఇంకో సాక్ష్యం కూడా ఉంది. ఇది రాయడానికి చెయ్యి ఆడటం లేదు. పై శుక్రవారం తను పాడనప్పుడు నాకు హాయిగా అనిపించింది. నాకు గొంతు రాలేదు, మామగారు నా కోసం పేపరు మడవలేదు, నా చేతికి కొత్తగా వచ్చింది ఏమీ లేదు. తన దగ్గర ఉన్నది పోయింది, అంతే. దానికే నాకు సుఖం. ఆ సుఖమే నన్ను పట్టిచ్చింది. అది జెలసీ కాదు, ఎన్వీ. ఈర్ష్య కూడా దాటి అమరకోశంలోని అసూయ. గుణంలో దోషం వెతికి అంటగట్టాను.

ఆ రోజు నుంచి ఒకటి గమనిస్తున్నాను. అసూయ ఎప్పుడూ "కానీ" అన్న మాట వెనకాల కాపురం ఉంటుంది. "పిల్ల చక్కనిదే, కానీ కాస్త పొట్టి." "ఇల్లు బాగా కట్టారు, కానీ వంటింట్లో వెలుతురు లేదు." "ఉద్యోగం చేస్తోంది, కానీ పిల్లల్ని పట్టించుకోదు." చివర్న ఒక "పాపం" కూడా చేరిస్తే మనకే అది జాలిలాగా కనబడుతుంది.

మా మనవరాలూ, దాని ఫ్రెండ్సూ పొద్దస్తమానం "జెలస్, జెలస్" అనడానికి కారణం కూడా ఇదేనేమో అనిపిస్తుంది. ఎన్వీ అని ఒప్పుకోవడం ఎవరికి ఇష్టం? జెలసీ అంటే దాని వెనకాల ఒక ప్రేమ ఉందన్న గౌరవం. అందుకని ఆ మాట పైట కింద ఈ మాటని దాచుకుంటాం. నేను ఇంగ్లీషు రాకుండానే దాచుకున్నాను.

మరి ఇందులో పాపం ఎంత? కన్ను కుట్టడం మన చేతుల్లో ఉందా? లేదనే నా నమ్మకం. తేలు కుట్టాలా వద్దా అని మనల్ని అడిగి కుట్టదు. కుట్టాక ఏం చేస్తామన్నదే మన చేతుల్లో ఉంది. ఇక్కడ మళ్ళీ ఆ అరిస్టాటిలే ఒక దారి చూపించాడు. ఎదుటివాళ్ళలో మంచి చూసి బాధపడడం రెండు రకాలట. "ఇది నాకు లేదే, నేనూ సంపాదించుకోవాలి" అనేది ఒకటి. "ఇది దానికి ఉండకూడదు" అనేది రెండోది. మొదటిదాన్ని ఆయన మంచి గుణం కిందే జమకట్టాడు. తమాషా ఏమిటంటే, గ్రీకులో ఆ మంచి గుణానికి ఆయన వాడిన మాటే తిరిగి తిరిగి, రూపు మారి ఇంగ్లీషులో జెలసీ అయి కూర్చుందిట! మన స్పర్ధ కూడా అంతేగా? ఒకప్పుడు పోటీ అనుకున్నది ఇప్పుడు మనస్పర్ధల్లో తేలింది. మంచి మాటలు కూడా మనుషుల్లాగే సహవాసదోషంతో చెడిపోతాయి కాబోలు.

నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. కన్ను కుట్టిన ఆ నిమిషాన "చెల్లీ, నాకూ ఒక పాట నేర్పవే" అని ఉంటే ఏమయ్యేది? నాకు సంగీతం వచ్చేది కాదు, అది ఖాయం. కానీ, ఇది మంచి "కానీ" లెండి, తను పాట మానేది కాదు.

పోయిన వారం ధైర్యం చేసి విశాఖపట్నం ఫోను చేశాను. కీళ్ళనొప్పులూ, మందులూ, మనవల చదువులూ అన్నీ అయ్యాక "నీకు గుర్తుందో లేదో, ఒక శ్రావణ శుక్రవారం..." అన్నాను.

"కీచుమంటుంది, పాపం" అంది తను.

యాభై ఏళ్ళు! ఆ "పాపం" తో సహా గుర్తుంది. నా నోట మాట రాలేదు. తరువాత ఎలాగో కూడగట్టుకుని, అప్పుడు నీ గొంతులో కీచు లేదు, నా కన్నే కుట్టింది, తప్పయిపోయింది అని చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నీకు సంగీతం రాదు కదా అక్కయ్యా! నీ మాట నేనెందుకు నమ్మానో, నాకు ఇప్పటికీ అర్థం కాదు" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. పెద్దవాళ్ళం, మన మాట ఎవరు పట్టించుకుంటార్లే అనుకుంటాం గానీ, అయినవాళ్ళు అన్న మాట పరాయివాళ్ళ మాటకంటే లోతుగా దిగుతుంది. అసూయ పుట్టేదీ దగ్గరవాళ్ళ మధ్యే, తగిలేదీ దగ్గరవాళ్ళకే.

పాడమని నేను అడగలేదు. డెబ్భై దాటిన మనిషిని ఇప్పుడు పాడమనడం కూడా నా మనశ్శాంతి కోసమే అవుతుంది. వచ్చే శ్రావణానికి మాత్రం రమ్మన్నాను. "చూద్దాంలే" అంది.

నిన్న మళ్ళీ మా మనవరాలు ఫోను చేసింది. ఈసారి ఇంకో ఫ్రెండుకి మంచి ఉద్యోగం వచ్చిందిట.

"ఐ యామ్ సో..." అని ఆగిపోయి, పక్కన తాతయ్య ఉన్నారేమోనని చూసి, "అమ్మమ్మా, కన్ను కుట్టింది!" అంది.

"కుట్టనీ. మరి దానికి ఫోను చేసి ఏమన్నావు?" అని అడిగాను.

"కంగ్రాట్స్ అన్నాను."

"వెనకాల 'కానీ' ఏమైనా అన్నావా?"

కొంచెంసేపు ఆలోచించి, "లేదమ్మమ్మా, నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను" అంది.

నా తల్లే! ఆ వయసులో నాకు చేతకానిది అదొక్కటే.